రీలు ఏదీ అని అడక్కండి

ముందే చెప్పేస్తాను. నా గాలంకర్రకి రీలు లేదు. ఊడిపోలేదు, ఇంట్లో మరిచిపోలేదు, డబ్బుల్లేక కొనడం మానలేదు. దానికి అసలు రీలు ఉండదు. మొన్న భీమవరం నుంచి మా అన్నయ్య వాట్సాప్‌లో ఫొటో చూసి, "ఏరా, అంత దేశం వెళ్లి మళ్లీ కర్రేనా? ఓ రీలు కొనుక్కోలేవా?" అన్నాడు. ఇక్కడ టోక్యోలో, నిషికసాయ్‌లో మనవాళ్లు నలుగురు భోజనాలకు కలిసినా ఇదే ప్రశ్న. "రీలు పెట్టించకపోయావా" అని ఒకరు, "రీలున్నది ఆఫర్‌లో ఉంది, లింకు పంపనా" అని ఇంకొకరు. ప్రేమతోనే అంటారు, తెలుసు. అయినా ఒళ్లు మండుతుంది.

దీని పేరు టెంకారా. జపాను కొండవాగుల్లో తరతరాలుగా ఉన్న పద్ధతి. ఒక కర్ర, దాని కొసకు కట్టిన దారం, దారం చివర ఈకలు చుట్టిన కొక్కెం, అదే కెబారి. అంతే సరంజామా. వెనకటికి వెదురు కర్ర, గుర్రపు తోక వెంట్రుకలు పేనిన తాడు ఉండేవి. ఇప్పుడు ఒకదాంట్లో ఒకటి దూరిపోయే కార్బన్ కర్ర వచ్చింది. కుదిస్తే సంచిలో పడుతుంది, సాగదీస్తే 3.6 మీటర్లు. చేతిలో ఉన్నట్టే ఉండదు, అంత తేలిక. కొండల్లో చేపలే జీవనాధారమైనవాళ్లు ఆ పాత సరంజామాతోనే ఇవాన, యమామె చేపలు పట్టి, వేడినీటి బుగ్గల దగ్గరి సత్రాలకు అమ్ముకునేవారు. కడుపు నింపిన పనిముట్టు ఇది. దానికేదో తక్కువైందని జాలిపడటం నాకు నచ్చదు.

రీలు ఎందుకు? దారం దూరంగా విసరడానికి, పెద్ద చేప లాక్కుపోతుంటే వదలడానికి. వాగులో ఆ దూరం ఎక్కడుంది? టోక్యో నుంచి ఒమె లైను రైలెక్కి చివరి స్టేషన్ ఒకుతమాలో దిగండి. ఆ దగ్గర్లోనే నిప్పరా నది తమా నదిలో కలుస్తుంది. నిప్పరా వెంట పైకి నడిస్తే అన్నీ బండలు, బండల మధ్య చిన్న చిన్న మడుగులు. చేప ఉండే చోటు మనకు నాలుగైదు బారల్లోనే. చేప కూడా జానెడు, బాగా పెరిగితే జానెడున్నర. దారాన్ని చేత్తో పట్టుకుని లాగేయొచ్చు. ఇక రీలు దేనికి?

అసలు సొగసు ఇంకోచోట ఉంది. బండ ముందు నీరు ఉరుకుతుంది, బండ వెనక నిలకడగా తిరుగుతుంది. చేప ఆ నిలకడ నీటిలో ఉండి, పక్కనుంచి కొట్టుకొచ్చే పురుగు కోసం చూస్తుంది. పాశ్చాత్యుల ఫ్లై ఫిషింగ్‌లో దారమే బరువు. అది నీటి మీద పరుచుకోగానే మధ్యలో ఉన్న జోరు దాన్ని లాగేస్తుంది, దాంతోపాటు కొక్కెమూ ఈడ్చుకుపోతుంది. పురుగు అలా పరిగెత్తదని చేపకు తెలుసు. టెంకారాలో కర్ర కొస ఎత్తి పట్టుకుంటే దారమంతా గాలిలోనే నిలుస్తుంది. నీటిని తాకేది కెబారి, దానికి కట్టిన సన్నదారం మూరెడు. జోరుకు లాగడానికి ఏమీ దొరకదు.

ఆ కెబారిని చేతిలోకి తీసుకుని చూడండి. ఒంటికి నెమలి ఈక పోగు, మెడ దగ్గర కోడి ఈక. ఈ ఈక వెనక్కి వాలదు, ముందుకి, కొక్కెం కన్ను వైపుకి విచ్చుకుని ఉంటుంది. మణికట్టు కాస్త కదిపితే ఈక ముడుచుకుంటుంది, వదిలితే విప్పారుతుంది. నీటిలో ప్రాణమున్నట్టే ఉంటుంది. హిసావో ఇషిగాకి అనే టెంకారా గురువు ఏళ్ల తరబడి ఒకే రకం కెబారితో చేపలు పట్టారు. ఆయన 2009లో అమెరికా వెళ్లి చూపించారు. ఆ ఏడాదే అక్కడ టెంకారా కర్రలమ్మే కంపెనీ మొదలైంది. పటగోనియా కంపెనీ స్థాపకుడు ఇవాన్ షునార్డ్ 2014లో ఈ పద్ధతిని నేర్పే పుస్తకం వేశారు. వాళ్లెవరూ రీలేదని అడగలేదు.

ఇదంతా చదువుతుంటే నాలో గోదారి పొగరు లేవకుండా ఉంటుందా? మనకు లేదా వెదురు గాలం? మన కర్రకీ రీలు లేదు కదా, దాని మీద పుస్తకం ఎవరు రాశారు? ఇలా వాదించబోతాను గానీ ఆ పోలిక ఎంతో దూరం నడవదు. మనది కూర్చునే పని, టెంకారా నడిచే పని. ఇక్కడ ఎర లేదు, బెండు లేదు. ఒక మడుగులో నాలుగైదుసార్లు వేసి, చేప పలక్కపోతే పై మడుగుకు ఎక్కాల్సిందే.

మా చిన్నాన్న మాత్రం గంటలకొద్దీ కదిలేవాడు కాదు. పంటకాలవ గట్టున వెదురు కోసి, వంకరున్న చోట మంట మీద కాచి సరిచేసేవాడు. జీలుగ బెండు, అరటిబోదెల దగ్గర తడిమట్టిలో తవ్విన ఎర్రలు. బెండు ఒకసారి వణికితే లాగనిచ్చేవాడు కాదు, మునిగాకే లాగాలి. పడేవి పరిగెలు, జెల్లలు. నానమ్మ చింతచిగురు వేసి పులుసు పెట్టేది. ఆ గట్టు మీద కూర్చున్నవాణ్ణి ఊరంతా సోమరిపోతు అనేది. మా నాన్న ఒకసారి నా కర్ర మోకాలికి వేసి విరిచేశాడు, లెక్కల్లో మార్కులు తగ్గాయని. గాలంకర్ర అంటే మనకు ఆనాటి నుంచీ చులకనే. రీలు ఏదీ అనే ప్రశ్న కూడా ఆ చులకనలోంచే వస్తుందని నా అనుమానం.

ఇప్పుడా కాలవలో గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు. మా వైపు యనమదుర్రు డ్రెయిన్ నీళ్లలో చెయ్యి పెట్టడానికే మనసొప్పదు. గట్టు దగ్గర చేప లేనప్పుడు ఎవరైనా దూరానికి విసిరే రీలే కొంటారు. చేతికందే దూరంలో నీరు బతికున్నచోటే ఒట్టి కర్ర పనికొస్తుంది. జపానులో ఆ నీటిని ఊరికే వదిలేయలేదు. 1949 నాటి చేపలవేట చట్టం ప్రకారం నదిలో చేపల హక్కు పొందిన సహకార సంఘం ఆ చేపల్ని పెంచి తీరాలి. నేను వెళ్లిన ప్రతిసారీ ఆ సంఘానికి డబ్బు కట్టి చీటీ తీసుకుంటాను. ఆ డబ్బు పిల్లచేపలుగా మళ్లీ వాగులోకే వెళుతుంది. ఇలాంటి సంఘం ఒకటి మన కాలవలకు ఎందుకుండకూడదు? గట్టున ఉన్న ఊళ్లు తలా కొంత వేసుకుంటే కాదా? డబ్బు లేని ఊళ్లేమీ కావు అవి.

టోక్యో వచ్చే తెలుగువాళ్లు ఎవరైనా సరదాపడితే నాతో రండి, కర్ర నేనిస్తాను. చీటీ కొనుక్కోండి, జారని బూట్లు వేసుకోండి. ఆ కొండల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి, నడుముకు గంట కట్టుకోవాలి. సెప్టెంబరు దాటకుండా రండి. ఆ తర్వాత చేపలు గుడ్లు పెట్టే కాలం, మళ్లీ మార్చి దాకా ఆ వాగుల్లో వాటికి గాలం వేయనివ్వరు.