మౌనానికి సాక్ష్యం

ఉప్పుగాలి వీచే చోట యంత్రాలకు ఆయుష్షు తక్కువ. ఏటా రమారమి 3,000 మిల్లీమీటర్ల వర్షం కురిసే అండమాన్ రాజధానిలో ఈ సంగతి ఇంటింటా తెలిసినదే. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్టు బ్లెయిర్‌లో డిగ్నాబాద్ ఒక పేట. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో 13 శాతానికి పైగా ప్రజల మాతృభాష తెలుగు. వారిలో అనేకుల పూర్వీకులు ఉత్తరాంధ్ర తీరం నుండి ఓడ ఎక్కి వచ్చినవారు.

ఆ పేటలో రేడియోల మరమ్మతుతో జీవితం గడిపిన ఒక పెద్దాయన వద్దకు, ఉగాది సంబరాలకు ముందురోజు ఒక యువకుడు చిన్న ఇనుప పెట్టె తెచ్చాడు. గిటారుకూ ఆంప్లిఫయరుకూ నడుమ ఉండి, ధ్వనిని గరుకుగా మార్చే పెడల్ అది. కాలం చేసిన అన్నగారు వాడిన వస్తువు.

"బాబాయిగారూ, మీట నొక్కితే దీపం వెలుగుతోంది, గిటారు మూగబోతోంది. మళ్లీ నొక్కితే మామూలు ధ్వని వస్తోంది. ఎఫ్.ఇ.టి. మార్చి చూశాను. నేనే పాడు చేశానేమో!" అన్నాడు.

ఇటువంటి పరికరాలు 1962లో మేస్ట్రో ఫజ్‌టోన్‌తో విపణికి వచ్చాయి. తొలినాటి వాటిలో ధ్వని స్విచ్ గుండానే ప్రవహించేది. 1970ల చివరి నుండి జపాను తయారీదారులు మరొక పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చారు. అందులో మీట ధ్వనిని ముట్టదు; ఆజ్ఞ మాత్రమే ఇస్తుంది. ఫ్లిప్‌ఫ్లాప్ అనే రెండు ట్రాన్సిస్టర్ల జంట ఆ ఆజ్ఞను గుర్తుంచుకొంటుంది. దాని మాటపై రెండు ఎఫ్.ఇ.టి.లు ద్వారపాలకులై, ఒకటి దారి తెరుస్తుంటే మరొకటి మూస్తుంది.

దీపం వెలిగినదంటే ఆజ్ఞ వెలువడినదని మాత్రమే అర్థం. అది అమలైనదనడానికి వేరే సాక్ష్యం కావాలి.

పెద్దాయన ముందుగా బ్యాటరీని చూశాడు. 9 వోల్టులు ఉన్నాయి. మీట నొక్కిన ప్రతిసారీ ఫ్లిప్‌ఫ్లాప్ ఒక కొస పైకీ, మరొక కొస కిందికీ మారుతోంది. అనంతరం తెరుచుకోవలసిన ఎఫ్.ఇ.టి. గేటు వద్ద తన పాత ముల్లు మీటరు ఆనించాడు. సుమారు నాలుగున్నర వోల్టులు ఉండవలసిన చోట ముల్లు ఒక వోల్టు కూడా దాటలేదు. "డయోడ్ పోయింది" అని సోల్డరింగ్ ఐరన్ అందుకొని, అంతలోనే ఆగిపోయాడు.

గేటుకు వోల్టేజి చేరేది పది లక్షల ఓముల నిరోధం గుండా. ముల్లు మీటరు తన వంతుగా కొంత కరెంటు తాగుతుంది. కనుక అక్కడి వోల్టేజిని అదే కుంగదీస్తుంది. అడిగినవాని బరువుకే సాక్షి మాట మారిపోయింది! యువకుని డిజిటల్ మీటరుతో చూడగా నాలుగు వోల్టులు దాటి కనిపించాయి. డయోడ్ నిర్దోషి. మార్చి పారవేసిన ఎఫ్.ఇ.టి. కూడా నిర్దోషియే కావచ్చు.

ఇక మిగిలినది ధ్వని దారి. ఒక తీగ కొసకు చిన్న కెపాసిటర్ అతికి, రెండవ కొసను ఆంప్లిఫయరుకు కలిపి, యువకుడు తీగలు మీటుతుండగా ఒక్కొక్క బిందువునూ ఆనించి విన్నాడు. ఎఫ్.ఇ.టి.కి ముందున్న కెపాసిటర్ ఒక కాలి వద్ద గరుకు ధ్వని నిండుగా ఉంది. రెండవ కాలి వద్ద మౌనం. భూతద్దంలో చూస్తే అతుకు చుట్టూ పచ్చని చిలుము, నడుమ వెంట్రుకవాసి పగులు కనిపించాయి. చిలుము గీకి, అతుకు వేసి మీట నొక్కాడు. దీపంతో పాటు అన్నగారి నాటి ధ్వని కూడా వచ్చింది.

యువకుడు చాలాసేపు మాట్లాడలేదు. పెద్దాయన ముల్లు మీటరును గుడ్డలో చుడుతూ, "దీని తప్పు లేదు బాబూ. ఇది ఏ మాట చెప్పగలదో, ఏది చెప్పలేదో నేనే మరిచాను" అన్నాడు.

శాసనాలనూ దస్తావేజులనూ పరిశీలించేవారికి ఈ మాట పరాయిది కాదు. వెలిగే దీపమైనా, కదలని ముల్లయినా తనకు తెలిసినంతే చెబుతుంది. మిగిలినది మనం ఊహించి, నిర్దోషులను తొలగిస్తూ ఉంటాము.