పెట్టుబడికి ముందు విచారణ

చదువుకొన్న మన పిల్లలు ఉద్యోగం కోసం ఎదురుచూడకుండా ఏదైనా కొత్త వస్తువును సొంతంగా తయారుచేసి అమ్ముతామని ముందుకు వస్తే సంతోషించవలసిందే. హలాల్ సంపాదనకు అదొక గౌరవప్రదమైన మార్గం. అయితే అందుకు కావలసిన పెట్టుబడి మన ఇళ్ళలో ఎక్కడి నుండి వస్తున్నది? తల్లి నగల నుండి, తండ్రి పదవీ విరమణ సొమ్ము నుండి, చెల్లెలి నికాహ్ కోసం కూడబెట్టిన డబ్బు నుండి. కనుక కొత్త ఆలోచనను తూచి చూడడం ఆ యువకుడి ఒక్కడి పని కాదు, కుటుంబం మొత్తానికి సంబంధించిన బాధ్యత.

రెండేళ్ళ క్రితం ఈ బాధ్యత మా ఇంటికే వచ్చింది. మహబూబ్‌నగర్‌లో ఉంటున్న నా చెల్లెలు భర్తను కోల్పోయి ఆరేళ్ళు కావస్తున్న రోజులవి. డిప్లొమా పూర్తిచేసిన ఆమె కుమారుడు సీతాఫలం గుజ్జు నుండి గింజలను వేరుచేసే చిన్న యంత్రం తయారుచేస్తానన్నాడు. ఆమె దగ్గర ఉన్నదల్లా కూతురి నికాహ్ కోసం దాచిన మూడు లక్షలు. “భాయ్‌జాన్, వాడి మాట కాదనలేను. ఇచ్చేయమంటారా?” అని నల్లగొండలో ఉన్న నన్ను అడిగింది. నేను ఐటిఐలో ఫిట్టర్ పని నేర్పి రిటైరైనవాణ్ణి. ఆ యంత్రం చేయడం సాధ్యమేనని అతడు గీసిన బొమ్మలు చూడగానే నాకు అర్థమైంది. కానీ ఆమె అడిగిన ప్రశ్నకు ఆ బొమ్మల్లో జవాబు లేదు.

మేనల్లుడిని కూర్చోబెట్టి చింతకింది మల్లేశం గారి విషయం చెప్పాను. ఆయనది నాటి నల్లగొండ జిల్లా ఆలేరు దగ్గరి శారాజీపేట. పోచంపల్లి తరహా పట్టుచీర నేయడానికి ముందు నూలును కొయ్యల చుట్టూ ఆసు పోయాలి. ఒక్క చీరకు చేతిని సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడించాలి. రోజుకు రెండు చీరలకు ఆసు పోసే తల్లి లక్ష్మి గారి భుజం నొప్పిని చూసి ఆయన 1992లో యంత్రం కోసం ప్రయత్నం మొదలుపెట్టారు. అది 1999లో పూర్తయింది. తల్లి పేరుతో దానికి లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

ఈ కథను అందరూ పట్టుదలకు ఉదాహరణగా చెబుతారు. అది నిజమే. నేను మావాడికి చూపింది మరొక సంగతి. ఆ బాధ ఎవరిదో ఆయనకు తెలుసు. అది రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని గంటలు అన్నది లెక్కకు అందుతుంది. అదే పని చేసే చేనేత కుటుంబాలు చుట్టుపక్కలే ఉన్నాయి. అవసరం అంత స్పష్టంగా కళ్ళెదుట ఉన్నప్పటికీ ఏడేళ్ళు పట్టింది. అప్పులు, అవహేళనలు తప్పలేదు. ఇక అవసరం ఎవరిదో తెలియని చోట ఎన్నేళ్ళు పడుతుంది?

మన జిల్లా పేరుతోనే మరో పాఠం ఉంది. ఫ్లోరైడ్ నీటిని పటిక, సున్నంతో శుద్ధిచేసే విధానాన్ని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. అది ‘నల్లగొండ విధానం’గా ఇతర దేశాలకూ చేరింది. శాస్త్రపరంగా అది సరైనదే. కానీ నీటిని బట్టి మోతాదు కొలవాలి, కలపాలి, అడుగున చేరిన మడ్డిని తీసివేయాలి. ఇదంతా ప్రతిరోజూ ఎవరో ఒకరు చేయాలి. ఒక వస్తువు పనిచేయడం వేరు, ఇంటివారు దానిని రోజూ వాడగలగడం వేరు.

అందుకని మేనల్లుడిని నాలుగు విషయాలు తెలుసుకొని రమ్మన్నాను. ఈ కష్టం ఎవరిది? ఇప్పుడు వారు దానిని ఎలా గట్టెక్కుతున్నారు? యంత్రం కోసం ముందుగా కొంత సొమ్ము ఇచ్చేవారున్నారా? మొత్తం పోతే ఇల్లు ఎంతవరకు తట్టుకోగలదు?

సీతాఫలాల కాలంలో అతడు పది రోజులు బాలానగర్ వైపు గ్రామాల్లో, మహబూబ్‌నగర్ మార్కెట్లో తిరిగాడు. కాయలు కోసి తెచ్చే స్త్రీలు వాటిని గట్టిగా ఉండగానే గంపలకెత్తి అమ్మేస్తారు. గుజ్జు తీయడం వారి పనే కాదు. గుజ్జు కావలసింది ఐస్‌క్రీమ్ తయారీదారులకు. అది త్వరగా రంగు మారుతుంది కనుక వెంటనే గడ్డకట్టించి ఇవ్వాలి. యంత్రానికి పని ఏడాదిలో రెండు మూడు నెలలే. గుజ్జు తీసే ఆరుగురిని అడిగితే ఒక్కరూ ముందస్తుగా రూపాయి ఇవ్వలేదు. ఒకాయన మాత్రం, “కొనను గానీ, కిరాయికి ఇస్తే సీజనులో వాడి చూస్తాను” అన్నాడు.

“మామూ, నేను అమ్మాలనుకున్నది వాళ్ళు కిరాయికి అడుగుతున్నారు” అన్నాడు మావాడు. ఆ ఒక్క మాట తెలుసుకోవడానికి అయిన ఖర్చు బస్సు చార్జీలే.

చెల్లెలి మూడు లక్షలు ముట్టుకోవద్దని నిర్ణయించుకొన్నాం. ఒక్క నమూనాకు సరిపడా నలభై వేలు నేను ఇచ్చాను. అప్పుగా కాదు, ముదారబా పద్ధతిలో. లాభం వస్తే ముందుగా రాసుకొన్న వాటా ప్రకారం పంచుకొంటాం. అతడి నిర్లక్ష్యం లేకుండా నష్టం వస్తే సొమ్ము నాది పోతుంది, శ్రమ అతడిది పోతుంది. హజ్రత్ ఖదీజా (రజి) తన సరుకును దైవప్రవక్త (సల్లం) చేతికి అప్పగించి సిరియాకు పంపిన వర్తకం మనకు తెలిసినదే. ఒకరి సొమ్ము, మరొకరి శ్రమ, ఇద్దరి మధ్య నమ్మకం ఉన్నచోట వడ్డీతో పని లేదు.

నమూనా నిరుటి సీజనులో కిరాయికి వెళ్ళింది. గింజలను బాగానే వేరుచేసింది గానీ, శుభ్రం చేయడానికి ఎక్కువ సమయం పడుతున్నదని తిరిగి వచ్చింది. జల్లెడ ఊడదీసేలా మార్చి ఈ ఏడు మళ్ళీ పంపుతున్నాడు. అది వ్యాపారంగా నిలుస్తుందో లేదో అల్లాహ్‌కే ఎరుక. మేనకోడలి నికాహ్ మాత్రం మొన్న షవ్వాల్‌లో, ఎవరి ముందూ చేయి చాచకుండా జరిగింది.

ఇలాంటి సందర్భాల్లో మనం ఇస్తిఖారా చేసుకొంటాం. చేసుకోవాలి కూడా. అయితే మష్వరా, విచారణ మన వంతు. ఇంట్లో పిల్లవాడు కొత్త ఆలోచనతో వస్తే వెంటనే కాదనకండి, వెంటనే నగలు తీసి ఇవ్వకండి. ఆ వస్తువు ఎవరికోసమో వారి మధ్యకు ఒక సీజను పంపండి. తిరిగి వచ్చి అతడు చెప్పేది, ఇంటిల్లిపాదీ కూర్చొని వినండి.