డ్రాగన్ల పుట్టినూళ్లో ఒక రాత్రి

నా డ్రాగన్ మూడు రౌండ్లలో చచ్చిపోయింది.

వారం రోజులు కూర్చుని తయారుచేసుకున్నా దాన్ని. ఎర్ర డ్రాగన్. కొండ గుహ, బంగారు గుట్ట, ఆ గుట్ట మీద దాని పడక... అన్నీ పెట్టా. షికాగో శివార్లలో మా డైనింగ్ టేబుల్ చుట్టూ నలుగురు కూర్చుని, ఇరవై ముఖాల డైస్ దొర్లించి, బిర్యానీ చల్లారేలోపు దాని పని కానిచ్చేశారు. మా వరంగల్ వాడు చేతులు తుడుచుకుంటూ "అరేయ్, మా మేనేజర్ గింతకన్న ఎక్కువ భయపెడ్తడు" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వా గానీ, లోపల మండింది.

తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. స్క్రీన్ ఉండదు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లది అందులో తలా ఒక పాత్ర. "తలుపు తీస్తున్నా" అంటే తీసినట్టే. కత్తి తగిలిందా లేదా అన్నది మాత్రం డైస్ చెప్తుంది. మేం ఆడేది పాత రూల్స్‌తో, 1981లో టామ్ మోల్డ్‌వే ఎడిట్ చేసిన బేసిక్ పుస్తకంతో. కథ నడిపేది నేనే.

ఆ జోక్ వేసిన నెలన్నరకి మావాడి ఉద్యోగం పోయింది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి ఈ లెక్క నోటికొచ్చు: మహా అయితే అరవై రోజులు. ఆలోపు ఇంకోటి దొరకాలి, లేదంటే పెట్టె సర్దుకోవాలి. యాభయ్యో రోజున హైదరాబాద్‌కి టికెట్ తీశాడు. వెళ్లేముందు ఎక్కడికైనా పోదామా అంటే నయాగరా అనలేదు, న్యూయార్క్ అనలేదు. "లేక్ జెనీవా పోదాం. ఒక్క గేమ్. ఈసారన్న డ్రాగన్‌ని సక్కగ చెయ్" అన్నాడు.

షికాగో నుంచి ఉత్తరంగా సుమారు 130 కిలోమీటర్లు. విస్కాన్సిన్‌లోకి అడుగుపెట్టిన కాసేపటికే వచ్చేస్తుంది ఊరు. అక్టోబర్ చివరి శనివారం. మేపుల్ ఆకులు రోడ్డంతా రాలి ఉన్నాయి. సరస్సు చుట్టూ పాతకాలం షికాగో కోటీశ్వరుల బంగళాలు. ఒడ్డు వెంబడి ముప్పై కిలోమీటర్లకు పైనే కాలిబాట, అదీ వాళ్ల పెరళ్ల గుండానే! ఎండాకాలంలో అయితే ఇక్కడ ఉత్తరాలు పడవలో వస్తాయట. పడవ ఆగదు. పంచేవాళ్లు కదులుతున్న పడవలోంచి రేవు మీదకి దూకి, డబ్బాలో ఉత్తరం వేసి, పరుగున వచ్చి మళ్లీ పడవెక్కాలి. అది చూడ్డానికి టికెట్ కొనుక్కుని మరీ ఎక్కుతారు జనం. మేం వెళ్లేసరికి ఆ సీజన్ అయిపోయింది.

మేం చూడాలనుకున్నది మాత్రం సెంటర్ స్ట్రీట్‌లోని ఒక మామూలు ఇల్లు. నంబర్ 330. గ్యారీ గైగాక్స్ ఒకప్పుడు ఉన్న ఇల్లు అదే. ఫుట్‌పాత్ మీదే నిలబడ్డాం. 1972లో ఈ ఇంట్లోనే ఆయన పిల్లల్ని కూర్చోబెట్టి మొదటిసారి నేలమాళిగల్లోకి నడిపించాడు. మిన్నెసోటా నుంచి డేవ్ ఆర్నెసన్ వచ్చి తన ఆట ఆడి చూపించడం, ఇద్దరూ కలిసి రూల్స్ రాయడం, 1974లో వెయ్యి పెట్టెలతో ఆట బయటికి రావడం... అదంతా చాలాసార్లు చదివిందే. మావాడికి అక్కడ చెప్పాలనిపించింది మాత్రం ఇంకో సంగతి. 1970లో గైగాక్స్‌ని ఇన్సూరెన్స్ ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ తర్వాత ఇంట్లోనే బూట్లు బాగుచేస్తూ సంసారం ఈదాడు. ఆ మాట చెప్తే మావాడు ఇంటి వైపే చూస్తూ "ఈయనకి వీసా బాధ లేకుండె" అన్నాడు. అంతే, మళ్లీ ఏమీ అనలేదు.

అక్కడికి దగ్గర్లోనే హార్టికల్చరల్ హాల్. 1968లో గైగాక్స్ యాభై డాలర్ల అద్దెకి దీన్ని తీసుకుని ఆటల సమావేశం పెట్టాడు. ఇప్పుడు ఇండియానాపొలిస్‌లో వేలమంది చేరే జెన్ కాన్‌కి పురుడు పోసింది ఈ హాలే. మనూళ్లో చిన్న ఫంక్షన్ హాల్‌లా ఉంది. ఫొటోలు దిగి వచ్చేశాం.

మధ్యాహ్నం వాళ్లు సరస్సు ఒడ్డున తిరుగుతుంటే నేను కాఫీ షాపులో కూర్చుని పాత రూల్స్ మళ్లీ తీశా. అప్పుడు పట్టుకున్నా నా తప్పు.

ఎర్ర డ్రాగన్‌కి పది డైస్ హిట్ పాయింట్లు, అంటే సగటున 45 దాకా ప్రాణం. అది నిప్పు ఊదితే తగిలే దెబ్బ ఎంతో తెలుసా? ఆ క్షణానికి దానికి ఎంత ప్రాణం మిగిలుందో సరిగ్గా అంతే. నేనేమో దాన్ని బంగారం మీద కూర్చోబెట్టి, మావాళ్లని ముందు కొట్టనిచ్చా. అది నోరు తెరిచేసరికి ప్రాణం పదమూడుకి దిగింది. తప్పించుకున్నవాళ్లకి అందులో సగమే. డ్రాగన్ మంట కాదది, అగ్గిపుల్ల! పుస్తకంలో స్పష్టంగా ఉంది, డ్రాగన్ మొదటి దాడి ఎప్పుడూ మంటతోనే అని. ప్రాణం నిండుగా ఉన్నప్పుడే ఊదాలి. రోజుకి మూడుసార్లు ఊదగలదు. ఎగరగలదు. మరి గదిలో ఎందుకు కూర్చుంటుంది? దెబ్బ తగిలితే ఎగిరిపోయి చీకట్లో మళ్లీ రాదూ?

ఇంకో లైన్ కూడా నేను దాటేశా. ఎర్ర డ్రాగన్ మాట్లాడే అవకాశం యాభై శాతం, నిద్రలో దొరికే అవకాశం పదే. (అదే పుస్తకంలో డ్రాగన్‌ని చంపకుండా లొంగదీసి అమ్ముకునే రూల్ కూడా ఉంది, సంతలో ఎద్దుని అమ్మినట్టు. ఆ పేజీ మావాళ్లకి ఇప్పటికీ చూపించలేదు.)

మాట్లాడే డ్రాగన్ అనగానే చిన్నప్పుడు విన్న బకాసురుడు గుర్తొచ్చాడు. భీముడు వాణ్ని కొట్టిన కొట్టుడు నాకు పెద్దగా గుర్తులేదు. గుర్తున్నది బండెడు అన్నం, ఆ బండితో పాటు వెళ్లాల్సిన మనిషి, రేపు మన ఇంటి వంతు అని తెలిసిన ఆ ఇంట్లో ఏడుపు. రాక్షసుడు ఇంకా కనపడనే లేదు, భయం అప్పటికే ఇంట్లో కూర్చుంది.

రాత్రి అద్దెకి తీసుకున్న కాటేజీలో లైట్లు తగ్గించి మొదలుపెట్టా. మొదటి గంట డ్రాగన్ లేదు. కాలిన గడ్డివాములు. ఎంత డబ్బిచ్చినా వీళ్లకి రొట్టె అమ్మని ఊరు, ఎందుకంటే ఎవరు ఎవరికి సాయం చేశారో దానికి తెలిసిపోతుంది. ఊరి పెద్దే దానికి కబుర్లు మోస్తున్నాడని అక్క కనిపెట్టేసరికి ఆలస్యమైంది. గుహలో సగం దూరం వెళ్లాక చీకట్లోంచి గొంతు వినిపించింది. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచింది. "మూటకట్టిన బంగారం మీదే. ఒక్కరు ఉండిపోండి, మిగతావాళ్లు వెళ్లొచ్చు" అంది.

టేబుల్ దగ్గర ఎవ్వరూ చిప్స్ ప్యాకెట్ ముట్టుకోలేదు.

"నేనుంట" అన్నాడు మా వరంగల్ వాడు. "ఎట్లైన పోయేటోడినే కద."

"నోర్ముయ్ రా" అంది అక్క. ఆటలో అన్న మాటో, నిజంగా తిట్టిందో నాకు అర్థం కాలేదు. వాడు మాత్రం అప్పటికే ముందుకి నడిచాడు. అక్క ఈటె విసిరింది. తగల్లేదు. డ్రాగన్ నోరు తెరిచింది. ప్రాణం 44, దెబ్బ 44. బావ మాంత్రికుడు బూడిద. కొత్తగా చేరిన తమ్ముడి పాత్ర కూడా బూడిదే, వాడు పాపం పేరు పెట్టుకుని గంట కూడా కాలేదు. అక్కకి డైస్ కలిసొచ్చి సగం దెబ్బే తగిలింది. 24లో రెండు మిగిలాయి. మావాడు డ్రాగన్ కాళ్ల దగ్గరకే వెళ్లి నిలబడ్డాడు కాబట్టి మంట వాడి తల మీదుగా పోయింది. కింద నుంచి కత్తి దించాడు. తొమ్మిది. డ్రాగన్ అరిచి, గుహ కప్పులోని కంతలోంచి ఎగిరిపోయింది. మళ్లీ వస్తుందని ఇద్దరికీ తెలుసు. బంగారం అక్కడే వదిలేసి పరుగు తీశారు. రాత్రి రెండున్నర అయింది.

బావ చాలాసేపు తన క్యారెక్టర్ షీట్ మడతపెడుతూ, విప్పుతూ కూర్చున్నాడు. నేను సారీ చెప్పబోతే "చెప్పకు, బాగుంది" అన్నాడు.

తర్వాతి గురువారం ఓహేర్ ఎయిర్‌పోర్ట్‌లో మావాణ్ని దించాం. రెండు పెట్టెలు, ఒక బ్యాక్‌ప్యాక్. సెక్యూరిటీ లైన్‌లోకి వెళ్తూ వెనక్కి తిరిగి "దానికింక ఎన్నున్నయ్ రా?" అన్నాడు.

నేను చెప్పలేదు. కథ నడిపేవాడు చెప్పకూడదు.

శనివారం తెల్లారుజామున మెసేజ్ వచ్చింది. ఇంటికి చేరానని కాదు. "ఎగిరేటప్పుడు ఎడమ రెక్క ఈడ్చిందని చెప్పినవ్ కద?"

అలా చెప్పినట్టు నాకు గుర్తులేదు. కానీ లేచి నోట్‌బుక్‌లో రాసిపెట్టుకున్నా.