దీపం ముందు అక్కయ్య ముఖం

ముప్పైరెండేళ్ళు పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి పదవీవిరమణ చేసినవాడికి ఈ లెన్సుల గొడవ ఎందుకని మీరడగవచ్చు. మా శ్రీమతి ఆ ప్రశ్న ఎప్పుడో అడిగింది. ఆవిడకు చెప్పిన సమాధానమే మీకూ మనవి చేస్తున్నాను. ఒక కార్తిక పున్నమి నా చేతగానితనం వల్ల చేజారింది. రెండవది చేజారకూడదనుకున్నాను.

కోనసీమలో మాకు తాతగారినాటి పెంకుటిల్లు ఒకటి ఉండేది. దాని పెరట్లో మా అమ్మ కట్టించుకున్న తులసికోట. అమ్మ పోయిన తరువాత ఏటా ఆ పున్నమికి అక్కయ్య అక్కడికి వచ్చి, ఉసిరికాయ మీద దీపం పెట్టి, ఆవునేతిలో నానిన 365 వత్తుల కట్టను వెలిగించేది. ఆ వేళ పెరట్లో కరెంటు దీపం వెలగరాదని ఆమె శాసనం. ఫ్లాషు సంగతి ఎత్తితే, "దీపం ముందు మెరుపులేమిట్రా?" అని ఒక్క మాటతో కొట్టిపారేసింది.

2023లో మా అబ్బాయి వదిలివెళ్ళిన నికాన్ డి3200 కెమెరాతో, దానికి జతగా వచ్చిన 18-55 జూమ్ లెన్సుతో నలభై ఫొటోలు తీశాను. ఒక్కటీ దక్కలేదు. కొన్నింటిలో అంతా అలుక్కుపోయింది. మరికొన్నింటిలో తులసి ఆకులు ఈనెలతో సహా స్ఫుటంగా ఉన్నాయి, అక్కయ్య ముఖం మాత్రం పొగమంచులో ఉన్నట్టుంది. ఇవి రెండూ ఒకే దోషమని చాలాకాలం భ్రమించాను. మొదటిది వెలుతురు చాలక షట్టరు ఆలస్యంగా మూసుకోవడం వల్ల వచ్చింది. రెండవది కెమెరా చూడవలసిన చోట చూడకపోవడం వల్ల. రోగాలు వేరు, మందులూ వేరు.

2024 ఉగాది నాటికి ఇల్లు అమ్మడానికి అందరం ఒప్పుకున్నాం. రిజిస్ట్రేషను కార్తికం వెళ్ళాక. అంటే ఆ ఇంట్లో ఇంకొక్క పున్నమి మాత్రమే మిగిలింది.

మొదటి రోగానికి మందు ప్రైమ్ లెన్సు. దీనికి జూమ్ ఉండదు. ఒకే నాభ్యంతరం. 'స్థిరనాభ్యంతర కటకం' అని పేరు పెట్టబోయి, మా అబ్బాయి ముఖం గుర్తొచ్చి విరమించుకున్నాను. లెన్సు మీద ఎఫ్ పక్కన ఉండే అంకె ఎంత చిన్నదైతే లోపలి ద్వారం అంత పెద్దది. నా జూమ్ దగ్గరికి లాగినప్పుడు ఎఫ్/5.6 దాటి తెరుచుకోదు. చవకగా దొరికే ప్రైములు ఎఫ్/1.8 వరకూ తెరుచుకుంటాయి. 5.6ను 1.8తో భాగించి, వచ్చినదానిని వర్గం చేస్తే తొమ్మిదిన్నర దాటుతుంది. అంటే దాదాపు అన్ని రెట్ల వెలుతురు. వత్తుల మంట వెలుగులో ఐ.ఎస్.ఓ. 1600 దగ్గర, జూముతో సెకనులో ఎనిమిదో వంతు పట్టేచోట ప్రైముతో ఎనభయ్యో వంతు చాలుతుంది. అరవై దాటిన చేతుల వణుకుకు ఆ తేడా ప్రాణాధారం.

తొందరపడి పాతదొకటి, 50 ఎం.ఎం. ఎఫ్/1.8డి రకం కొన్నాను. తెచ్చి తగిలిస్తే ఫోకసు కదలదు. తప్పు లెన్సుది కాదు, చదవకుండా కొన్న పంతులుది. ఆ రకం లెన్సులలో మోటారు ఉండదు. కెమెరాలోని మోటారే దానిని తిప్పాలి. నా డి3200లో ఆ మోటారు లేదు. చేత్తో తిప్పి, వ్యూఫైండరులో పచ్చచుక్క వెలిగేదాకా చూసుకోవచ్చు గానీ, శుక్లాల ఆపరేషను అయిన నా కళ్ళకు చీకట్లో అది సాగే పని కాదు. నికాన్‌వారి చిన్న కెమెరాలు ఉన్నవారు పాత లెన్సు కొనేముందు ఏఎఫ్-ఎస్ అనే అక్షరాలు ఉన్నాయో లేదో చూసుకోండి. కానన్ ఈఎఫ్ ఆటోఫోకస్ లెన్సులన్నింటిలో మోటారు లెన్సులోనే ఉంటుంది కనుక వారికి ఈ బాధ లేదు.

చివరకు 2009లో వచ్చిన 35 ఎం.ఎం. ఎఫ్/1.8జి ఒకటి, వాడినదే, ఏడువేలకు దొరికింది. ఒకందుకు మంచిదే అయింది. ఈ కెమెరాల సెన్సారు చిన్నది గనుక 50 లెన్సు 75 లాగా దగ్గరగా చూపిస్తుంది. మా పెరడు ఇరుకు, గోడకు వీపు ఆనించినా అక్కయ్యా తులసికోటా కలిసి పట్టేవి కావు. 35కు పట్టాయి.

ఇక రెండవ రోగం. కొత్త లెన్సుతో ఇంట్లో దీపం పెట్టి అభ్యాసం చేస్తే, లెన్సు ముందుకూ వెనక్కూ తడుముకుని ఆగిపోయేది, లేదా వెళ్ళి దీపశిఖను పట్టుకునేది. కాకినాడలో పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసే నా పూర్వవిద్యార్థి ఒకడున్నాడు. సవర్ణదీర్ఘసంధికీ గుణసంధికీ తేడా చెప్పలేక నాచేత ఎన్నోసార్లు నిలబడినవాడు. అతడికి ఫోన్ చేశాను.

"మాస్టారూ, కెమెరాకి కావలసింది వెలుగొక్కటే కాదండీ, తేడా కావాలి" అన్నాడు.

తేడా అని ఆ పిల్లవాడు అన్నందుకు నవ్వొచ్చింది గానీ, ఆ మాట అక్షరసత్యం. అద్దం కింద ఉండే ఫోకసు సెన్సారు చీకటీ వెలుగూ కలిసే అంచును వెతుక్కుంటుంది. నున్నని చెంప మీద దానికి ఆనవాలు దొరకదు. కనుబొమ్మ, కళ్ళజోడు చట్రం, చీర అంచు, వీటి మీద దొరుకుతుంది. నా కెమెరాలో ఉన్న పదకొండు ఫోకసు బిందువులలో నడిమిది ఒక్కటే అడ్డగీతనూ నిలువుగీతనూ రెంటినీ పోల్చుకోగలదు. అన్నింటినీ దాని ఇష్టానికి వదిలితే అది దగ్గరగా, స్ఫుటంగా ఉన్నదాని వైపు పోతుంది. తరగతిలో ముందు బల్లమీది చురుకైన పిల్లలనే చూసే ఉపాధ్యాయుడిలాగ! కాబట్టి నడిమి బిందువును నేనే ఎంచుకోవాలి.

ఇంకో రెండు మాటలు కూడా చెప్పాడు. ఫోకసు కుదిరాక కెమెరాను పక్కకు తిప్పి కూర్పు మార్చకూడదు. పూర్తిగా తెరిచిన ద్వారంతో, మీటరున్నర దూరంలో, ఈ లెన్సుకు స్ఫుటంగా ఉండేది సుమారు జానెడైనా లేని పలుచని పొర. తిప్పితే కన్ను ఆ పొర దాటిపోతుంది. ముఖం నడుమనే ఉంచి తీసి, తరువాత కత్తిరించుకోవాలి. రెండవది, ఫోకసు కోసం కెమెరా వేసే సహాయదీపాన్ని ఆపివేయాలి. అదీ అక్కయ్య లెక్కలో మెరుపే. నేటి మిర్రర్‌లెస్ కెమెరాలు కంటిని తామే గుర్తుపట్టి వెంటాడతాయని విన్నాను. నా పింఛనుకు నడిమి బిందువే మిర్రర్‌లెస్.

పున్నమి వచ్చింది. ముక్కాలిపీట మీద కూర్చుని, మోచేతులు మోకాళ్ళకు ఆనించాను. వత్తులు భగ్గుమన్నాయి. అంత మంట ఉండేది రెండుమూడు నిమిషాలే. అక్కయ్య కళ్ళజోడు అద్దాలలో రెండు దీపాలు కదిలాయి. చూపు అటే పోయింది గానీ, అద్దంలోని దీపం మనకు కనిపించే దూరం వేరు, కన్ను ఉన్న దూరం వేరు. నడిమి బిందువును చట్రం అంచున నిలిపి, బొత్తాం సగం నొక్కి, 'బీప్' వినిపించగానే ఊపిరి బిగబట్టి మూడేసి తీశాను. తీసినవి ముప్పైమూడు, దక్కినవి పదకొండు. వాటిలో ఒకదానిలో అమ్మ ముక్కుపుడక కూడా స్పష్టంగా ఉంది. ఇప్పుడది అక్కయ్యది.

ఇల్లు అప్పగించే ముందు తులసి మొక్కను కుండీలోకి మార్చి అక్కయ్య ఇంటికి చేర్చాం. దానితోపాటు ఆ ఫొటోను పెద్దది చేయించి పట్టుకెళ్ళాను. కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చూసింది.

"బాగా వచ్చిందిరా. మరి పోయినేడు తీసింది ఏదీ? ఆకులు బాగా పడి, నేను మసగ్గా ఉన్నది?"

"అది పాడైపోయింది కదక్కయ్యా."

"అదీ తెచ్చిపెట్టు. అందులో నా ముడతలు కనిపించవు."

తెచ్చిచ్చాను. రెండూ ఆమె గోడమీద పక్కపక్కనే ఉన్నాయి. ఇంటికి వచ్చినవాళ్ళకు మసకదే ముందు చూపిస్తుంది.