తుంటముక్కల విలువ

"పనికిమాలిన ముక్క" యను మాట మన యిండ్లలో తఱచుగా వినబడుచుండును. ఆ ముక్కకు పని లేదా, లేక పని చూపు నోపిక మనకు లేదా యని విచారించువారు కొందఱే. ఏటికొప్పాక లక్కపనివారి తరిమెన కడ కొంతసేపు నిలిచినవారికి ఈ ప్రశ్న తప్పక తోచును.

వరాహనది యొడ్డున గల యా గ్రామము 2022 నుండి అనకాపల్లి జిల్లాలోనిది. అచ్చటి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. వానికి వాడునది అంకుడుకఱ్ఱ. తెల్లనిది, ఉలికి సులువుగా లొంగునది. ఆరిన కఱ్ఱను తరిమెనకు బిగించి త్రిప్పుచు ఉలితో రూపు దిద్దుదురు. తరువాత రంగు కలిపిన లక్కను తిరుగుచున్న కఱ్ఱకు ఒత్తి పట్టుదురు. రాపిడివేడికి లక్క కరగి కఱ్ఱను అంటుకొనును. పిమ్మట మొగలియాకుతో రుద్దగా నిగనిగలాడును.

పెద్ద వస్తువునకు కోయగా మిగిలిన తుంటలను నేర్పరియైన పనివాడు పాఱవేయడు. బెత్తెడు తుంట కుంకుమభరిణ యగును. అంతకంటె చిన్నది బొంగరము, ఇంకను చిన్నది చదరంగపు బంటు. మఱియు చిన్నవి బొమ్మబండి చక్రములు, మూతమీది బుడిపెలు, పూసలు. అడవిలో పెరిగిన కొమ్మ ఇట్లు కడవఱకు వినియోగపడుచున్నది.

అయినను ఈ పొదుపునకు హద్దు కలదు. పగులున్న ముక్క తిరుగునపుడు చీలి ముఖమునకు తగులవచ్చును. నడుమ బెండు గల ముక్క ఆరునపుడు నెఱ్ఱె విచ్చును. అట్టివానిని పొయ్యికి పంపుటయే వివేకము. కఱ్ఱను మిగుల్చుటకై కన్ను పోగొట్టుకొనుట పొదుపు కాదు.

చదువరులు గమనింపవలసిన సంగతి మఱియొకటి కలదు. ముక్క చిన్నదైనంత మాత్రమున పని తగ్గదు. బిగించుట, దిద్దుట, లక్క పట్టించుట, రుద్దుట అన్నియు పెద్ద వస్తువునకువలెనే జరుగవలెను. పైగా చిన్న తుంట పట్టునకు చిక్కదు. దానిని జిగురుతో వేఱొక చెక్కకు అంటించి ఆ చెక్కను బిగింపవలసి వచ్చును. వ్రేళ్లు ఉలియంచునకు మఱింత చేరువగును. నేడు తరిమెనను విద్యుత్తు త్రిప్పినను ఉలి పట్టునది మనుష్యుని చేయియే.

ఇట్లుండగా మనము అంగడిలో నిలిచి, "ఇంత ముక్కకు ఇంత వెలయా?" యని బేరమాడుదుము. స్వదేశీ పరిశ్రమలపై సభలలో ఉపన్యసించువారును ఈ బేరమునకు వెనుదీయరు. మిగిలిన కఱ్ఱకు వెల తక్కువే కావచ్చును. దానిపై గడపిన పూట మిగిలినది కాదు. ఆ పూటకూలితోనే యొక సంసారము నడువవలెను. కఱ్ఱలో పొదుపు పనివాని నేర్పు. కూలిలో పొదుపు మన లోభము. బొమ్మ కొను తల్లిదండ్రులు ఈ భేదమును బిడ్డలకు చెప్పి, అడిగిన వెల నిచ్చి కొందురు గాక.