ఒక పేజీ రాయమన్నారట

మొన్న ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి మా చెల్లి ఫోను. ఆదివారం ఆ టైములో సాఫ్ట్‌వేర్ వాణ్ణి లేపడం ఎంత పాపమో దానికింకా తెలీదు లెండి. ఈ ఏడే బెంగుళూరులో డిగ్రీలో చేరింది. చదివేది ఎకనామిక్సే అయినా, మొదటి సెమిస్టర్లో అందరూ ఒక రైటింగ్ కోర్సు చెయ్యాలట. విషయం సామాజిక న్యాయం. మొదటి అసైన్‌మెంటు, ఈ కోర్సు నుంచి నువ్వేం ఆశిస్తున్నావో ఒక పేజీ రాయి, అని.

"ఏం రాయమంటావ్ అన్నయ్యా?"

ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ సీనియర్ల రికార్డులు చూసి దించినవాణ్ణి, నన్నా అడగడం! "సమాజంలోని అసమానతలను అర్థం చేసుకుని నా ఆలోచనా పరిధిని విస్తృతపరచుకోవాలని ఆశిస్తున్నాను, అని రాసి పడెయ్" అన్నాను.

"చాట్‌జీపీటీ కూడా అచ్చం అదే చెప్పింది" అంది. నోరు మూసుకున్నాను :)

తర్వాత తను రాసుకున్న డ్రాఫ్టు వాట్సాప్‌లో పంపింది. మొదటి పేరా మా ఊరి గురించే. మాది తుని. ఒకప్పుడు తుని అంటే తమలపాకులనేవారు, తలుపులమ్మ లోవ అనేవారు. ఇప్పుడు ఆఫీసులో ఊరి పేరు చెప్తే "రైలు తగలబెట్టారు, ఆ ఊరేనా?" అంటారు. 2016 జనవరి 31న, కాపుల్ని బీసీల్లో చేర్చాలని ముద్రగడ పద్మనాభం పిలిచిన కాపు ఐక్య గర్జన రోజున, రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ కాలిపోయింది. అదీ ఆదివారమే. నేను కాకినాడ కాలేజీ నుంచి ఇంటికొచ్చి ఉన్నాను. దానికప్పుడు తొమ్మిదేళ్ళు. డాబా మీంచి పొగ చూశాం. 2023 మేలో విజయవాడ రైల్వే కోర్టు ఆ కేసు కొట్టేసింది. ఎవరు తగలబెట్టారో మాత్రం తేలలేదు.

అది రాసిందేమిటంటే, న్యాయం అనే మాట తను మొదట విన్నది ఆ రోజేనట. రైళ్ళు ఆగిపోవడానికీ నాన్న తలుపులేసెయ్యడానికీ కారణమైనదేదో దాని పేరనుకుందట. రిజర్వేషన్ అడిగినవాళ్ళ బాధేమిటో, తమ వాటా తగ్గుతుందని భయపడిన బీసీల బాధేమిటో ఇంట్లో ఎవరూ చెప్పలేదు. ఈ కోర్సులోనైనా ఎవరైనా రెండూ కూర్చోబెట్టి చెప్తారని ఆశ. బావుంది, నాకూ ఎవరూ చెప్పలేదు.

రెండో పేరా దగ్గర గతుక్కుమన్నాను.

మా ఇంట్లో అంట్లు తోమడానికి ఒకావిడ వచ్చేది. మేం ఆవిణ్ణి మామ్మా అనే పిలిచేవాళ్ళం. దెబ్బ తగిలితే మొదట పరిగెత్తేది ఆవిడ దగ్గరికే. ఆవిడ టీ గ్లాసు మాత్రం పెరట్లో కుళాయి పక్కన గూట్లో ఉండేది, అంచు సొట్ట పోయిన స్టీలు గ్లాసు. ఆవిడే కడుక్కుని ఆవిడే పెట్టుకునేది. పేపర్లో రెండు గ్లాసుల పద్ధతి అని ఎక్కడో పల్లెటూరి హోటల్ గురించి చదివి "ఛీ, ఇంకా ఇలాంటివా" అనుకున్నవాణ్ణే నేను. మా గూట్లో గ్లాసు ఆ వార్తలోదేనని తట్టలేదు. దానికి తట్టింది.

"ఇది తీసెయ్యవే. అమ్మ చదివితే బాధపడుతుంది" అన్నాను.

"అమ్మెందుకు చదువుతుంది? ఇంగ్లీషులో కదా" అంది. ఓ నిమిషం ఆగి, "అమ్మకి రాని భాషలో అమ్మ మీద కంప్లైంట్ రాయడం ఏం న్యాయం అన్నయ్యా? అమ్మ చదివినా ఫోన్ పెట్టెయ్యకుండా ఉండేలా రాయడం రావాలి నాకు. నా ఎక్స్‌పెక్టేషన్ అదే" అంది.

నాకు గురజాడ గుర్తొచ్చాడు. కన్యాశుల్కం 1897లో అచ్చయినప్పుడు ఆయన రాసిన ముందుమాట ఇంగ్లీషులో ఉంటుంది. విజయనగరం మహారాజా విశాఖ జిల్లాలో లెక్క తీయిస్తే మూడేళ్ళలో 1034 శుల్కం పెళ్ళిళ్ళు తేలాయని అందులో ఉంది. వాటిలో ఏడాది నిండిన పిల్లలు కూడా ఉన్నారు. మనబోటి వాళ్ళకి డేటా ముఖ్యం కాబట్టి ఆ ముందుమాట నాకు భలే ఇష్టం. కానీ ఆ లెక్క దొరలకీ, చదువుకున్నవాళ్ళకీ. నాటకం మాత్రం ఎవరి ఇంట్లో ఆ పెళ్ళిళ్ళు జరుగుతున్నాయో వాళ్ళు మాట్లాడే తెలుగులో రాశాడు. వాళ్ళు నవ్వుతూ చూశారు కూడా.

ఇదంతా చెప్తే "మరి నువ్వేం రాస్తావ్, నీకిస్తే?" అని అడిగింది.

హాస్టల్లో నా రూమ్మేటు ఉండేవాడు, ఎస్సీ. వాడు కొత్త చెప్పులు కొన్నా సరే, "నీకేంట్రా, ఫీజు గవర్నమెంటే కడుతుంది" అనేవాళ్ళు, నాతో సహా. నా ఫీజూ రీయింబర్స్‌మెంటే. నాలుగేళ్ళలో నన్ను ఒక్కడూ అనలేదు. వాడికి ఈ సంగతి తెలుసు. ఒక్కసారి కూడా తిరిగి అనలేదు. ఇప్పుడు పూణేలో ఉన్నాడు, లింక్‌డిన్‌లో వర్క్ యానివర్సరీలకి కంగ్రాట్స్ చెప్పుకుంటాం. అది రాయాలంటే ముందు వాడికి ఫోన్ చెయ్యాలి. ఇంకా చెయ్యలేదు.

చెల్లి గ్లాసు పేరా తియ్యలేదు, అలాగే ఇచ్చేసింది.

సాయంత్రం అమ్మతో మాట్లాడుతూ ఊరికే అడిగినట్టు అడిగాను, పెరట్లో ఆ గ్లాసు ఇంకా ఉందా అని.

"అదెప్పుడో పడేశాంరా. మామ్మ మోకాళ్ళ నొప్పులని మానేసిందిగా."

"మరి ఇప్పుడొచ్చే ఆవిడకి?"

"డీమార్టులో పేపర్ కప్పులు తెస్తున్నారు నాన్న. కడిగే పనే లేదు."

"మీరూ వాటిల్లోనే తాగుతున్నారా?"

"మనకెందుకురా అవి?" అంది అమ్మ.