విమానం భయమైతే రైలుంది

గుడిమల్కాపూర్ పూలమార్కెట్ దాటి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే శంషాబాద్ ఎంతో దూరం కాదు. కానీ విమానం పేరెత్తితేనే మా పిన్నికి గుండెదడ. ఢిల్లీలో కూతురి కాన్పుకు వెళ్లాలి. అందరూ "ఏం కాదులే" అని తోసేవాళ్లే! నాకది నచ్చలేదు, భయం నిజమైనదే కదా.

తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఉందిగా. పొద్దున్నే నాంపల్లిలో ఎక్కితే కాజీపేట, బల్లార్షా, నాగ్‌పూర్, భోపాల్ మీదుగా మర్నాడు పొద్దుటికి ఢిల్లీ. 1830లో మద్రాసు నుంచి హైదరాబాదు మీదుగా కాశీయాత్రకు బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య గారు ఇల్లు చేరింది 1831లో! మనకు పట్టేది ఒక పగలు, ఒక రాత్రి.

మీ ఇంట్లోనూ ఇలాంటివాళ్లుంటే బలవంతపెట్టకండి. రిజర్వేషన్ 60 రోజుల ముందే మొదలవుతుంది. 45 దాటిన ఆడవాళ్లకు కింది బెర్త్ కోటా కూడా ఉంది, అడగండి.